చాడీలు, స్నేహాలు, బదిలీలు

ఏప్రిల్ వస్తే మన బడికి కొత్త పిల్లలు వస్తారు. ఒకరు ఖరగ్‌పూర్ నుంచి, ఒకరు విశాఖపట్నం నుంచి, ఇంకొకరు మనం పేరైనా వినని ఏదో కంటోన్మెంట్ నుంచి. సరిగ్గా అదే సమయానికి నిన్నటిదాకా మన పక్కన కూర్చున్నవాళ్లు టీసీ తీసుకుని వెళ్లిపోతారు. ఇలా ఊళ్లు మారే ఉద్యోగుల పిల్లల చదువు చెడకూడదనే 1963లో కేంద్రీయ పాఠశాలల పథకం మొదలైంది. ఎక్కడికి వెళ్లినా అవే పాఠాలు కనుక చదువు సంగతి ఫరవాలేదు. స్నేహాలకు మాత్రం సిలబస్ లేదు. బదిలీ అయిన ప్రతిసారీ అ ఆ ల నుంచి మొదలుపెట్టాలి.

అందుకే చాడీల గురించి అందరికన్నా మనమే ఎక్కువగా ఆలోచించాలని మేమంటాం. పుట్టిన ఊళ్లోనే పెరిగే పిల్లాణ్ణి ఎవరైనా "వాడు పెన్సిళ్లు కాజేస్తాడు" అన్నారనుకోండి. వాణ్ణి ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి ఎరిగినవాళ్లు పదిమంది ఉంటారు. "ఛ, వాడా! నమ్మం" అంటారు. నిన్న చేరిన రెండో తరగతి పాపకు అలా అనేవాళ్లు ఎవరున్నారు? ఆమె గురించి తరగతిలో పుట్టిన మొదటి మాటే ఆమెకు పరిచయపత్రం అయిపోతుంది. అది అబద్ధమని తేలేలోగా నాన్నకు మళ్లీ బదిలీ అయితే పాప వెళ్లిపోతుంది, మాట ఇక్కడే ఉండిపోతుంది. తప్పు తెలుసుకున్నవాళ్లు "సారీ" చెబుదామన్నా మనిషి ఎదురుగా ఉండదు.

ఈ మాట చిన్న తరగతుల వాళ్లకు ఎలా చెప్పాలి? "చాడీలు చెప్పరాదు" అని చార్టు రాసి గోడకు అంటిస్తే సరిపోతుందని పెద్దలు అనుకుంటారు. చార్టు గోడమీద ఉంటుంది, గుసగుస దాని కిందే నడుస్తుంది. మన తెలుగువాళ్ల దగ్గర ఇంతకన్నా మంచి పాఠం ఎప్పటినుంచో ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా పనిచేసిన పరవస్తు చిన్నయసూరి 1853లో 'నీతిచంద్రిక' ప్రచురించారు. అందులో ఉన్నవి రెండే భాగాలు: మిత్రలాభం, మిత్రభేదం. స్నేహం ఎలా కుదురుతుందో ఒకటి, ఎలా చెడుతుందో రెండోది. ఎన్నో తరాల పిల్లలు వాటిని బడిలో చదివారు.

మిత్రభేదంలో సంజీవకం అనే ఎద్దు ఉంది కదా, అది అడవికి కొత్త. బళ్లు కట్టుకుని వెళ్తున్న వర్తకుడు కాలు విరిగిన దాన్ని దారిలో వదిలేసి వెళ్లిపోతే అక్కడ చిక్కుకుపోయింది. ఒక విధంగా అది కూడా మనలాగే ఊరు మారినదే! దాని రంకె విని పింగళకం అనే సింహం, కంటితో చూడకుండానే, హడలిపోయింది. తీరా కలిశాక రెండూ ప్రాణస్నేహితులయ్యాయి. కలిపింది దమనకుడనే నక్కే. తరువాత ఆ స్నేహంలో తనకు చోటు లేకుండా పోయిందని విడగొట్టిందీ ఆ నక్కే.

ఎలా విడగొట్టిందో చూడండి. సింహంతో "ఎద్దు నీమీద కత్తి కట్టింది" అంది. ఎద్దుతో "సింహం నిన్ను చంపబోతోంది" అంది. అంతటితో ఊరుకోలేదు, ఎదుటివాళ్లలో ఏ గుర్తులు చూడాలో కూడా ముందే చెప్పింది. ఇక ఎద్దు బెదిరి కొమ్ములు వంచితే సింహానికి అదే రుజువు. సింహం గుర్రుమంటే ఎద్దుకు అదే రుజువు. చెప్పుడు మాట చేసే అసలు హాని ఇదేనని మా అభిప్రాయం. "ఆమెకు పొగరు" అని ఒకసారి చెవిన పడ్డాక, ఆమె మాట్లాడకపోతే పొగరు, మాట్లాడితే గొప్పలు. పాపం, భాష రాక ఊరుకుందేమో అని ఎవరికీ తోచదు.

ఈ కథను చిన్నవాళ్లకు చెప్పేటప్పుడు, సింహమూ ఎద్దూ ఎదురుపడే ముందు ఒక్క క్షణం ఆపండి. "ఇప్పుడు సంజీవకం ఏం చెయ్యాలి?" అని అడగండి. "సింహాన్నే వెళ్లి అడగాలి" అని ఒకటో తరగతి వాళ్లు కూడా చెప్పగలరు. మరో ప్రశ్న కూడా అడగాలి, అది సాధారణంగా ఎవరూ అడగరు: దమనకుణ్ణి కూడా ఆటలో కలుపుకుని ఉంటే? ఇద్దరు స్నేహితుల మధ్యకు కొత్తవాళ్లు వస్తే పాతవాళ్లలో ఒకరు ఒంటరి అవుతారు. చిన్న తరగతుల్లో చాడీలు చాలావరకు అక్కడే పుడతాయి. "నీకొకటి చెప్తా, ఎవరికీ చెప్పకు" అనే మాట తీసుకెళ్తే మళ్లీ ఆటలో చోటు దొరుకుతుందని ఆశ. అటువంటివాళ్లను తిట్టడం కన్నా టిఫిన్ బాక్సు దగ్గరకు పిలవడం మేలు.

ఒక జాగ్రత్త. "ఎవరి మీదా చెప్పకు" అని మరీ గట్టిగా నూరిపోస్తే, ఎవరైనా కొడుతున్నా, భయపెడుతున్నా పిల్లలు నోరు విప్పరు. టీచరుతోనో అమ్మతోనో అది చెప్పడం చాడీ కాదని విడిగా చెప్పాలి. మనిషిని ఆపదలోంచి తప్పించడానికి చెప్పే మాట వేరు, పలుచన చెయ్యడానికి చెప్పే మాట వేరు. ఈ తేడా ఒక్క రోజులో అర్థం కాదు, మళ్లీమళ్లీ చెప్పాల్సిందే.

చివరగా మన భాష సంగతి. జంషెడ్‌పూర్ వచ్చినవాళ్లతో పెరిగిన ఊరు. 1907లో ఉక్కు కంపెనీ ఏర్పడ్డాక నలుమూలల నుంచీ మనుషులు పనికి వచ్చారు, మన తెలుగువాళ్లూ వచ్చారు. 1919లో ఊరికి జంషెడ్జీ టాటా పేరు పెట్టారు. ఇవాళ మన తరగతుల్లో హిందీ, బెంగాలీ, ఒడియా మాట్లాడేవాళ్లు ఉన్నారు. అందరికన్నా ముందునుంచీ ఈ నేలమీద ఉన్న సంతాలీ, హో కుటుంబాల పిల్లలూ ఉన్నారు. ఇంతమందిలో తెలుగు ఇద్దరికి దొరికిన రహస్య భాష లాంటిది. లంచ్ బ్రేక్‌లో ఇద్దరు తెలుగులో ఏదో అనుకుని పకపకా నవ్వితే, పక్కనున్న స్నేహితురాలు ముద్ద నోట్లో పెట్టుకోవడం ఆపి తలెత్తి చూస్తుంది. అన్నది "పులిహోరలో ఉప్పు ఎక్కువైంది" అనే కావచ్చు. ఆమెకు వినిపించింది మాత్రం తనమీద నవ్వు. తెలుగు మానెయ్యమని మేం అనం, అదే మానేస్తే ఈ పేజీ ఎందుకు? అన్న మాటను వెంటనే హిందీలో ఆమెకూ చెప్పమంటాం, చిన్నవాళ్లకూ ఇదే అలవాటు చెయ్యమంటాం. మా తరగతిలో తెలుగు రాని ముగ్గురికి ఇప్పుడు "ఉప్పు ఎక్కువైంది" అనడం వచ్చు. "ఇంకొంచెం పెట్టు" అనడం అంతకన్నా బాగా వచ్చు.