ఛత్రపురపు ఇసుక – విశాఖ అయస్కాంతము

మొన్న తొమ్మిదవ తరగతి బాలుడొకడు ఛత్రపురము తీరమునుండి గుప్పెడు నల్లని ఇసుకను పొట్లము కట్టి తెచ్చి, సైన్సు గదిలోని అయస్కాంతమును దానిపై త్రిప్పెను. కొన్ని రేణువులు లేచి అంటుకొనెను. తక్కినవి కదలలేదు. "మాస్టారూ, కదలనివి పనికిరానివా?" అని అడిగినాడు. వానికి బదులు చెప్పబోయి, తెలుగు పండితుడనైన నేను లోహశాస్త్రమున తలదూర్చవలసి వచ్చినది. పాఠకులు మన్నింతురుగాక.

ఆ తీరపు ఇసుకలో తేనెరంగు గింజలు కొన్ని ఉండును. అవి మోనజైట్ అను ఖనిజము. దానియందు థోరియముతోపాటు సమేరియము, నియోడిమియము మొదలగు విరళ మృత్తికా లోహములు కలవు. ఛత్రపురమున భారత ప్రభుత్వ సంస్థయైన ఐ.ఆర్.ఇ.ఎల్. ఆ ఖనిజమును వేరుచేసి, దానినుండి ఈ లోహముల మిశ్రమ క్లోరైడును తీయుచున్నది. అది కేరళలోని ఆలువాకు పోయి, అక్కడ లోహమునకొక సమ్మేళనముగా విడివడును. సమేరియమునకు కోబాల్టును కూర్చినచో, 300 డిగ్రీల వేడిమిలో సైతము బలము చెడని అయస్కాంతము సిద్ధించును. దానిని చేయు విధానమును హైదరాబాదులోని రక్షణశాఖ లోహ పరిశోధనాలయమును, భాభా అణు పరిశోధన కేంద్రమును రూపొందించినవి. ఆ విధానముతో ఐ.ఆర్.ఇ.ఎల్. విశాఖపట్టణమున నెలకొల్పిన కర్మాగారము 2023 మే 11న జాతికి అంకితమైనది.

ప్రయోగశాలలో ఒకటి చేయగలిగినప్పుడు కర్మాగారమున వేయి చేయుట యెంతపని యని మనమనుకొందుము. అరిసెలు వండు తల్లులకు ఇందలి చిక్కు తెలియును. శేరు బియ్యమునకు చక్కగా కుదిరిన పాకము, పెండ్లివంటకు కుంచముల లెక్కన పట్టునప్పుడు ముదిరిపోవును. సమేరియము, కోబాల్టుల మిశ్రలోహమును కొన్ని మైక్రానుల పొడిగా నూరవలెను. ఆ పొడి గాలి తగిలిన అంటుకొనును. దానిని అయస్కాంత క్షేత్రమున ఒకే దిశకు నిలిపి, అదిమి, కొలిమిలో కాల్చవలెను. వేడిమి లెక్క తప్పినచో బిళ్ళ పగులును, లేదా బలహీనమగును. ఇట్టి నేర్పు కాగితముపై వ్రాసి అప్పగించునది కాదు. కనుక కర్మాగారపు పనివారు తొలినాటినుండియు పరిశోధకుల ప్రక్కన నిలువవలెనని నా అభిప్రాయము. ఈ జాతి అయస్కాంతము లోకమున 1960ల దశకము చివరనే వెలసినది. విశాఖ కర్మాగారమునకు నిర్ణయించిన ఉత్పత్తి ఏడాదికి 3,000 కిలోలు. ఒక లారీ బరువైనను కాదు. 2025 ఏప్రిలులో చైనా సమేరియము మొదలగు ఏడు లోహముల ఎగుమతిపై ఆంక్షలు విధించినప్పుడు గాని ఆలస్యమునకు వెల యెంతో పలువురకు తెలియలేదు.

ఇట్టి ఒప్పందములందు సాధారణముగా పరిశోధనాలయము, పరిశ్రమ అను రెండు సంతకములు ఉండును. ఇసుక ఇచ్చిన ఊరికి మూడవ సంతకము ఉండవలదా? నేను కోరునది డబ్బు కాదు. తీరప్రాంతపు పాఠశాలలకు ఒక మంచి ప్రయోగశాల, ఏటేట కర్మాగార దర్శనము, పనినేర్చుకొను యువకులకు కొన్ని స్థానములు. ఈ మాటలు ఒప్పందములోనే వ్రాయవలెను. తరువాత దయతో ఇచ్చునది ఎప్పుడైనను నిలిచిపోవచ్చును.

తల్లిదండ్రులతోను ఒక మాట కలదు. ఆ బాలుని తండ్రియే వారము తిరుగకముందు టి.సి. కోసము వచ్చినాడు. "తెలుగులో చదివినవాడికి ఆ ఇసుక కంపెనీలో ఉద్యోగం ఎవరిస్తారండీ, మాస్టారూ?" అనినాడు. ఒడియా, ఇంగ్లీషు గట్టిగా నేర్వవలసినదే. నేనును పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది ఇచ్చటికి వచ్చి ఒడియా నేర్చినవాడనే. కాని మీ అబ్బాయి ఆ ప్రశ్న అడిగినది ఏ భాషలో? అరిసెల పాకముతో పోల్చి చెప్పగా ఒక్కమారులో గ్రహించి, "అయితే గాలి లేని గదిలో నూరాలా మాస్టారూ?" అని మరల అడిగినది ఏ భాషలో? ఆ రెండవ ప్రశ్నకు నావద్ద చాలినంత సమాధానము లేక, సైన్సు మాస్టారిని పిలువవలసి వచ్చినది.

తండ్రి కొంతసేపు ఊరకుండి, దసరా సెలవుల తరువాత చెప్పెదనని వెడలినాడు. ఇసుక పొట్లము సైన్సు గది బీరువాలోనే ఉన్నది.