వేసవి వేడుకలు – మన తెలుగు

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనపుడు మా బరంపురము మదరాసు రాజధాని నుండి విడివడినది. నాటి నుండి బడిలో తెలుగు తగ్గినదని ప్రభుత్వమును నిందించుట మనకు పరిపాటి. నింద సబబే కావచ్చును. కాని వేసవి సెలవులలో మన యిండ్లలో జరుగుచున్నదేమి?

పెండ్లికిని, వడుగునకును బంధువులందఱును కూడుదురు. శుభలేఖ ఆంగ్లము, పందిట్లో పాట హిందీ. ఆదివారము గోపాలపురము సముద్రతీరమునకు పోయినచో, పిల్లలు పినతల్లి బిడ్డలతో సైతము తెలుగు పలుకరు. నడుమ కూర్చున్న అమ్మమ్మకు వారి మాట తెలియదు. ఆమె మాట వారికి పట్టదు. ఇందుకు ఏ సర్కారు ఉత్తరువు కారణము?

“వినోదమునకు పోయినచోట పాఠములేల?” అని కొందఱందురు. మేము పాఠములు కోరుట లేదు. వియ్యపురాండ్ర వేళాకోళపు పాటలు, పొడుపుకథలు, ఆవకాయ కలుపునపుడు పెద్దల ముచ్చట్లు – ఇవియే మనకు మిగిలిన బడి. ఏటికొకసారి తెరచు ఆ బడిని మనమే మూయుచున్నాము.

ఈ వేసవికి శుభలేఖ తెలుగున అచ్చు వేయింపుడు. సముద్రపు టొడ్డున ఇసుకలో పిల్లలచేత ఓనమాలు దిద్దింపుడు. పిమ్మట ప్రభుత్వమునకు అర్జీ వ్రాయుదము.