నోటి పుండు ఎంత లోతు దిగింది?

నోటి క్యాన్సర్లలో నూటికి తొంభైకి పైగా నోటి లోపలి పలుచటి పైపొరలోనే మొదలవుతాయి. ఆ పొర అడుగున కంటికి కనబడనంత సన్నని ఆధారపొర ఒకటి ఉంటుంది. చెడిన కణాలు దాన్ని దాటనంతకాలం జబ్బు పైపైనే ఉంటుంది, ఆ దశలో కోసి తీసేస్తే చాలావరకు అక్కడితో నయమవుతుంది. అవి ఎంజైములతో ఆధారపొరను కరిగించుకుని కిందికి దిగితే మాత్రం కండరాలు, నరాలు, రక్తనాళాలు, లింఫ్ నాళాలు అందుబాటులోకి వస్తాయి.

అందుకే 2018 నుంచి అమల్లో ఉన్న దశల నిర్ణయంలో పుండు వెడల్పుతో పాటు లోతునూ కొలుస్తున్నారు. రెండు సెంటీమీటర్లు మించని పుండు 5 మిల్లీమీటర్ల లోపే దిగి, మెడ గ్రంథులకు పాకకుండా ఉంటే అది మొదటి దశ. అంతే వెడల్పున్న పుండు లోతు 5 దాటితే రెండో దశ. అద్దంలో చూసుకునే మనిషికి ఈ రెండూ ఒకేలా కనిపించవచ్చు. ‘చిన్న పుండే కదా’ అని ఊరుకోవడంలోని ప్రమాదం ఇదే.

ఎటు పాకుతుందన్నది పుండు పుట్టిన చోటును బట్టి ఉంటుంది. నాలుక మీద పుట్టింది కండరపు పోగుల మధ్య నుంచి లోపలికి చొచ్చుకుపోతుంది, మెడ గ్రంథులకు తొందరగా చేరుతుంది. నరం వెంట నొప్పి చెవిలోకి లాగడంతో కొందరు ముందు చెవి డాక్టరు దగ్గరికే వెళ్తారు. గుట్కా, ఖైనీ, వక్క బుగ్గన పెట్టుకునేవారిలో బుగ్గ, చిగురు దెబ్బతింటాయి. అక్కడి నుంచి దవడ ఎముక ఎంతో దూరం లేదు. పళ్లు కదలడం, ఎముకలోని నరం దెబ్బతిని కింది పెదవి మొద్దుబారడం, నమిలే కండరాలు పట్టేసి నోరు తెరుచుకోకపోవడం జబ్బు లోతుకు పోయిందనడానికి గుర్తులు. పుండు మధ్య కదులుతున్న పంటిని పరీక్ష లేకుండా పీకించుకోకూడదు. పన్ను ఊడిన గుంట క్యాన్సర్ ఎముకలోకి దిగడానికి దారి అవుతుంది.

ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పును నోటి లోపల ఉంచి కాల్చే అడ్డపొగ అలవాటు ముఖ్యంగా ఆడవాళ్లలో ఉంది. ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లను పరిశీలించిన అధ్యయనం 1971లోనే వెలువడింది. అంగిలిలో పుట్టిన క్యాన్సర్ పైకి పాకితే ముక్కులోకి, పై దవడ సైనస్‌లోకి చేరుతుంది. అమ్మమ్మలు, నాయనమ్మల నోటి పైభాగాన్ని టార్చి వెలుగులో చూడటం ఆ ఇళ్లలో అలవాటు కావాలి.

మనిషి బతికే అవకాశాన్ని అన్నిటికంటే ఎక్కువగా మార్చేవి మెడలోని లింఫ్ గ్రంథులు. ఒక్క గ్రంథికి పాకినా ఆ అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది. కణాలు గ్రంథి పైతొడుగును చీల్చుకుని బయటికి వస్తే ఇంకా తగ్గుతుంది. తొలిదశ రోగుల మీద ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. మెడలో గడ్డ తగలకపోయినా నోటి ఆపరేషన్‌తో పాటే మెడ గ్రంథులనూ తీసినవారిలో మూడేళ్ల తర్వాత 80 శాతం మంది బతికి ఉన్నారు. గడ్డ తేలేదాకా ఆగినవారిలో అది 67.5 శాతమే. ‘మెడలో ఏమీ లేదుగా, అక్కడెందుకు కోయడం’ అని డాక్టరును వారించే కుటుంబాలు ఈ తేడాను గమనించాలి.

పొగాకు, వక్క అలవాటున్న ప్రతి ఒక్కరికీ, వారి ఇంటివారికీ, ఆశా కార్యకర్తలకూ ఈ విజ్ఞప్తి. మూడు వారాలకు మానని పుండు, గీకినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మెడలో గట్టి గడ్డ కనిపిస్తే నొప్పి లేకపోయినా దంతవైద్యుడికో చెవి-ముక్కు-గొంతు డాక్టరుకో చూపించాలి. తొలినాళ్లలో చాలా పుండ్లు నొప్పి పుట్టించవు. ముక్క పరీక్ష (బయాప్సీ) చేస్తే జబ్బు పాకుతుందన్న భయంతో నెలల తరబడి పసర్లు, పూతలతో గడపడం వల్లే ఎందరో ఆలస్యంగా ఆసుపత్రికి చేరుతున్నారు. పాకడానికి కారణం ఆ ఆలస్యమే. ఖర్చుకు జంకేవారు హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే, విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రుల్లో ప్రభుత్వ వైద్య పథకాల గురించి అడగాలి.

చికిత్స ముగిసినా జబ్బు తిరగబెట్టే ప్రమాదం మొదటి రెండేళ్లలోనే ఎక్కువ. ఆ రెండేళ్లూ డాక్టరు చెప్పిన తేదీలకు నోరు, మెడ చూపించుకుంటూ ఉండాలి. పొగాకు, వక్క మళ్లీ ముట్టకూడదు.