‘ఎంతోకొంత ఇవ్వండక్కా’ అనొద్దు

పెళ్లి మేకప్ నేర్చుకుని కొత్తగా బయటికొచ్చిన అమ్మాయిని ‘ఎంత తీసుకుంటావు పాపా?’ అని అడిగి చూడండి. ఆత్మకూరులో అయినా, ఉదయగిరిలో అయినా మొదటి ఏడాది వినిపించే జవాబు ఇదే: ‘మీ ఇష్టం అక్కా, ఎంతోకొంత ఇవ్వండి.’ వినడానికి మర్యాదగానే ఉంటుంది. కానీ ఆ ఒక్క మాటతో రేటు పెట్టే పని అవతలివాళ్ల చేతికి వెళ్లిపోతుంది. వాళ్లు పూలవాళ్లకు ఎంతిచ్చాం, మెహందీ పెట్టిన అమ్మాయికి ఎంతిచ్చాం అని చూసుకుని, ఆ మధ్యలో ఒక అంకె అనుకుని కవర్లో పెట్టి ఇస్తారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. చెప్పాల్సిన మనిషి చెప్పలేదు, అంతే.

ఈ పేజీ చదివేవాళ్లలో డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు, బీటెక్ అయిపోయి గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షకో చదువుతూ ఇంట్లో ఉన్నవాళ్లు ఉంటారు. నోటిఫికేషన్‌కీ నోటిఫికేషన్‌కీ మధ్య ఖాళీలో మేకప్ నేర్చుకుని నాలుగు డబ్బులు సంపాదించుకోవాలనుకోవడం మంచి ఆలోచనే. అయితే ఖర్చులు రాసుకోకుండా దిగితే అది సంపాదన అవదు. సొంత డబ్బుతో ఊళ్లో పెళ్లిళ్లకు చదివింపులు చదివించినట్టు అవుతుంది.

ఒక లెక్క వేద్దాం. అంకెలు ఊహకు వేసినవే, మీ అంకెలు మీరు పెట్టుకోండి. కిట్ రూ.24,000కు కొన్నారనుకుందాం. అందులో బ్రష్షులు, పెట్టె, లైటు లాంటివి రూ.9,000. ఇవి మూడేళ్లు పనికొస్తాయి కాబట్టి ఏడాదికి రూ.3,000. మిగతా రూ.15,000 ఫౌండేషన్, పౌడర్లు, లిప్‌స్టిక్‌లు, కాజల్. వీటిని మాత్రం ఏడాదికే లెక్కేయాలి.

ఎందుకు ఏడాదికి? ఇక్కడే చాలామంది పొరపడతారు. ఫౌండేషన్ సీసా మామూలుగా 30 మిల్లీలీటర్లు ఉంటుంది. ‘ఒక ముఖానికి ఒకటి ఒకటిన్నర మిల్లీలీటర్ చాలు, ఇరవై మందికి పైనే వస్తుంది, కాబట్టి తలకు ఇంత’ అని భాగించేస్తారు. నెలంతా బుకింగులు ఉండే నెల్లూరు పార్లరుకు ఆ లెక్క సరిపోతుంది. మీ దగ్గర ఏడాదికి పాతిక పెళ్లిళ్లు కూడా ఉండవు. పైగా ఒకే సీసా అందరికీ పనికిరాదు. మన ప్రాంతంలో చామనచాయలోనే నాలుగైదు రకాలుంటాయి, అన్నిటికీ షేడ్లు కొనిపెట్టుకోవాలి. డబ్బా వెనక మూత తెరిచిన గిన్నె బొమ్మ, దానిమీద 6 అనో 12 అనో అంకె చూశారా? తెరిచాక అన్ని నెలలే వాడాలని దానర్థం. కంటికి వాడే మస్కారాకు అయితే గడువు ఇంకా తక్కువ. కాబట్టి కొత్తవాళ్ల సీసా ఖాళీ అవడంవల్ల కాదు, గడువు తీరడంవల్ల పోతుంది. బుకింగులు తక్కువగా ఉన్నప్పుడు ఒక్కో ముఖానికి పడే ఖర్చు పెద్ద పార్లరుకన్నా మీకే ఎక్కువ. గడువు దాటిన కాజల్ పెళ్లికూతురి కంటికి పెట్టి ఖర్చు తగ్గించుకుందామని మాత్రం అనుకోకండి.

సరే, ఏడాదికి కిట్ ఖర్చు రూ.18,000. మొదటి ఏడాది 24 పెళ్లిళ్లు వచ్చాయనుకుంటే ఒక్కోదానికి రూ.750. ఒకసారి వాడి పారేసే స్పాంజీలు, దూది, పెట్టుడు రెప్పలు, పిన్నులకు రూ.250. ఆత్మకూరు నుంచి ఉదయగిరి వైపు ఒక పల్లెకు వెళ్లి రావడానికి రూ.600. ఇవి మూడూ కలిపితే రూ.1,600. ‘మొదటిది కదా’ అని రూ.1,500కు ఒప్పుకున్న అమ్మాయి, చేతి నుంచి వంద వేసి పెళ్లికూతుర్ని ముస్తాబు చేసి వచ్చిందన్నమాట. ఆమె కష్టం ఇంకా లెక్కలోకి రాలేదు.

ఆ కష్టాన్నీ గంటల్లో చూడండి. మేకప్, జడ, చీర కట్టడం కలిపి మూడు గంటలు. రానుపోను రెండున్నర. బ్రష్షులు కడిగి ఆరబెట్టడానికి గంట. ముందు ఫోన్లు, ఫొటోలు పంపుకోవడం, బ్లౌజు రంగు చూడటం ఇంకో గంట. ఒక రోజు పూర్తిగా అయిపోయింది. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజు కూలి రూ.300. శిక్షణ తీసుకుని, రాత్రి నిద్ర మానుకుని చేసే పనికి రోజుకు వెయ్యి వేసుకోవడం అత్యాశేమీ కాదు. కోర్సుకు కట్టిన ఫీజు రూ.30,000 అయితే దాన్ని మూడేళ్లలో రాబట్టుకోవాలంటే పెళ్లికి మరో రూ.400 పైచిలుకు. అన్నీ కలిపితే రూ.3,000 దాటింది. ఈ లెక్కలో మీ కనీస రేటు అదే. అంతకన్నా తక్కువకు ఒప్పుకుంటే ఎంత తగ్గించారో, ఎందుకు తగ్గించారో మీకు తెలిసుండాలి.

24 పెళ్లిళ్లు అనుకున్నాం కదా, అవి నెలకు రెండు చొప్పున వరసగా రావు. ఆషాఢంలో ఉండవు. మూఢం వచ్చిందంటే వారాలు, ఒక్కోసారి నెలలు ఖాళీ. మళ్లీ మంచి ముహూర్తం రోజున ఒకే తేదీకి ముగ్గురు అడుగుతారు, చేయగలిగేది ఒకటే. అందుకే ముహూర్తాల రోజు రేటు ఖాళీ నెలల్ని కూడా మోయాలి. ఒక వెసులుబాటు ఉంది. ఉదయగిరి, ఏఎస్ పేట వైపు ముస్లిం కుటుంబాలు బాగానే ఉన్నాయి. నిఖాలకు మన పంచాంగంతో పనిలేదు, రంజాన్, మొహర్రం నెలలు తప్పిస్తే చాలు. చర్చి పెళ్లిళ్లకూ ఆషాఢం అడ్డురాదు. దుపట్టా కింద జుట్టు ఎలా నిలబెట్టాలో, తెల్ల గౌనుకు మేకప్ ఎంత పల్చగా ఉండాలో నేర్చుకున్న అమ్మాయికి ఖాళీ నెలలు తగ్గుతాయి. రేటు పెంచకుండానే ఆదాయం పెరిగే దారి ఇది.

ఇక పోటీ సంగతి. ‘పక్క వీధిలో అమ్మాయి రెండు వేలకే చేస్తోంది, నేను మూడు వేలంటే ఎవరొస్తారు?’ అనే భయం నిజమైనదే. కానీ చిన్న ఊళ్లో ఒక తమాషా ఉంది. మన పనికన్నా ముందు మన రేటు ఊరంతా తిరుగుతుంది. ‘ఆ పాపా? పదిహేను వందలకే చేస్తుంది’ అని ఒకసారి పేరు పడితే రెండేళ్లయినా అదే అంకె మీ పేరు పక్కన ఉంటుంది. నగరంలో కొత్త కస్టమరుకు కొత్త రేటు చెప్పొచ్చు. ఇక్కడ కొత్త కస్టమరంటే పాత కస్టమరు తోడికోడలే.

కాబట్టి తగ్గించాలనుకుంటే పూర్తి రేటు ముందు చెప్పి తర్వాత తగ్గించండి. ‘పెళ్లికూతురి మేకప్ మూడున్నర వేలక్కా. కొత్తగా మొదలుపెట్టాను కాబట్టి మొదటి ఐదుగురికి రెండున్నర. మీరు మూడోవాళ్లు.’ ఇలా చెబితే ఊళ్లో తిరిగే అంకె మూడున్నరే. తగ్గించినందుకు బదులుగా ఏదైనా అడగండి. ఫొటోలు పెట్టుకోవడానికి అనుమతి అడగడం అన్నిటికన్నా మంచిది. పెళ్లికూతురి ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించడం చాలా ఇళ్లలో ఇష్టపడరు. చెప్పకుండా పెడితే గొడవ, మాట కూడా పోతుంది. ‘ఫొటో పెట్టుకోనిస్తే ఈ రేటు, వద్దంటే ఆ రేటు’ అని ముందే అంటే ఇద్దరికీ ఇబ్బంది లేదు. ముఖం వద్దనుకుంటే జడ, కళ్లు మాత్రం తీసుకోవచ్చు.

పోల్చుకోవాల్సింది కూడా పక్క వీధితో కాదనిపిస్తుంది. నెల్లూరు నుంచి ఉదయగిరి దాదాపు వంద కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగు గంటల ముహూర్తానికి నెల్లూరు ఆర్టిస్టు రావాలంటే ఆమె రేటు, కారు బాడుగ, ముందురోజు రాత్రి బస అన్నీ పెళ్లివాళ్ల మీదే పడతాయి. మీరు పక్కనే ఉన్నారు, ముందురోజు వెళ్లి చర్మానికి పడుతుందో లేదో చెవి వెనక కాస్త రాసి చూసి రాగలరు. ఆ దగ్గరితనానికి విలువ ఉంది. దాన్ని ఉచితంగా ఇచ్చేయకండి. ట్రయల్ మేకప్‌కు విడిగా డబ్బు తీసుకుని, బుక్ చేసుకుంటే ఆ మొత్తాన్ని బిల్లులో తగ్గించొచ్చు.

ఆ నాలుగు గంటల ముహూర్తం గురించి ఇంకో మాట. దానికి రాత్రి ఒంటిగంటకే పెళ్లింట్లో ఉండాలి. ఆ వేళకు బస్సు ఉండదు. అమ్మాయి ఒంటరిగా వెళ్లడం ఇంట్లో ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే మంచిది. తమ్ముడో అమ్మో తోడు రావాలి, లేకపోతే పెళ్లివాళ్లే కారు పంపాలి. ఈ ఖర్చు రేటు బయట ఉండాలి, ముందే చెప్పాలి. ‘రాత్రి పన్నెండు నుంచి ఉదయం ఆరు మధ్య అయితే ఇంత ఎక్కువ, రాకపోకల వాహనం మీదే’ అని ఒక్క వాక్యం చాలు.

మేకప్ గదిలో డబ్బు కారిపోయే చోటు మరొకటి ఉంది. పెళ్లికూతురు తయారవుతుండగా పిన్నమ్మ వస్తుంది: ‘మా చిన్నదానికి కూడా కాస్త టచ్ చెయ్యి తల్లీ.’ ఆ వెనకే ఆడపడుచు. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు, మీ ఫౌండేషన్, మీ లిప్‌స్టిక్. కాదనలేరు, ఆ సమయంలో డబ్బు మాట ఎత్తనూ లేరు. అందుకే బుకింగ్ రోజునే ‘పార్టీ మేకప్ తలకు ఇంత, చీర కట్టడం విడిగా ఇంత’ అని రాసిచ్చేయాలి. పూలజడకు పూలు ఎవరు తెస్తారో కూడా.

రాసివ్వడమంటే స్టాంపు పేపరు కాదు. వాట్సాప్ బిజినెస్ ఉచితం. అందులో రేట్లను కేటలాగ్‌గా పెట్టుకోవచ్చు, తరచుగా పంపే సందేశాన్ని ఒకసారి రాసి దాచుకోవచ్చు. ఇలా ఉంటే చాలు: ‘నమస్తే అక్కా. ఫలానా తేదీ పెళ్లికి మేకప్, జడ, చీర కలిపి రూ.3,500. వాహనం మీది. అడ్వాన్స్ రూ.1,000 వస్తే తేదీ ఖాయం. తేదీ మారితే వారం ముందు చెప్పండి, అడ్వాన్స్ కొత్త తేదీకి మారుతుంది. మిగతాది మేకప్ పూర్తవగానే.’ నోటితో అడగడానికి మొహమాటపడే అమ్మాయి కూడా సందేశం పంపగలదు. అడ్వాన్స్ రాకపోతే ఆ తేదీ ఖాళీగా ఉన్నట్టే, ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. మిగతాది ‘పూర్తవగానే’ అనడం ఎందుకంటే, తలంబ్రాల తర్వాత డబ్బు చూసుకునే మేనమామ ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

‘సాయంత్రానికి కడిగేసుకునే దానికి ఇంతా?’ అంటారు. ఉదయగిరి చెక్క స్పూన్లకు భౌగోళిక గుర్తింపు ఉంది. అవి చేతిలో పట్టుకుని చూస్తే పనితనం కనిపిస్తుంది, ఇంట్లో ఏళ్లపాటు ఉంటాయి. మేకప్‌కు ఆ అదృష్టం లేదు, నిలిచేది ఆల్బంలోనే. కాబట్టి మే నెలలో, ఏసీ లేని కల్యాణ మండపంలో, హోమం పొగలో మూడు గంటలు కూర్చున్నాక పెళ్లికూతురు ఎలా ఉందో ఆ ఫొటో తీసి పెట్టుకోండి. అద్దం ముందు తీసిన ఫొటోకన్నా అదే మీ రేటును గట్టిగా నిలబెడుతుంది.

సినిమావాళ్లకు ఈ బాధ కొంత తక్కువ, వాళ్లకు సంఘాలున్నాయి. తెలుగు సినిమా కార్మికుల ఫెడరేషన్ 2025 ఆగస్టులో 30 శాతం పెంపు అడుగుతూ సమ్మె చేసింది. అయితే సంఘం ఉంటే అందరికీ మేలనీ అనుకోలేం. ముంబయి సినీ మేకప్ సంఘం దశాబ్దాలపాటు ఆడవాళ్లకు మేకప్ ఆర్టిస్టు కార్డే ఇవ్వలేదు, జుట్టు పనికే పరిమితం చేసింది. చారు ఖురానా తదితరులు కోర్టుకెళితే, 2014 నవంబరు 10న సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. మన ఆత్మకూరులో అడ్డుకునే సంఘమూ లేదు, రేటు కోసం నిలబడే సంఘమూ లేదు. అందుకే ఊళ్లో ఉన్న నలుగురైదుగురు ఒక వాట్సాప్ గ్రూపులో కలిసి, ‘ఇంతకన్నా కిందకు దిగం’ అని అనుకోవడం నాకు మంచిదనిపిస్తుంది. ఒకే ముహూర్తానికి వచ్చిన రెండో బుకింగును అందులోనే ఒకరికొకరు పంపుకోవచ్చు.

ప్రభుత్వ కాగితాల గురించి భయం వద్దు. ఏడాదికి రూ.20 లక్షల లోపు ఆదాయానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. ముద్ర పథకంలో శిశు విభాగం కింద రూ.50,000 వరకు తనఖా లేకుండా అప్పు దొరుకుతుంది. కానీ పది పెళ్లిళ్లు చేసి, ఏ డబ్బా ఎంత ఖర్చవుతుందో తెలిశాక తీసుకోండి. ముందే తీసుకుంటే ఆ డబ్బు వాడని ఐషాడో డబ్బాల్లో ఇరుక్కుంటుంది.

రేటు ఎప్పుడు పెంచాలి? ఒకే తేదీకి రెండోసారి ‘ఖాళీ లేదక్కా’ అనాల్సి వచ్చినప్పుడు. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత రేటే ఉంచి, తర్వాతి లగ్గాల నుంచి ఐదు వందలు పెంచండి. ఫోన్లో ఒక షీటు తెరిచి పెళ్లి తేదీ, ఊరు, వచ్చింది, ఖర్చు, పట్టిన గంటలు అనే ఐదు గళ్లు పెట్టుకోండి. ఆషాఢంలో ఖాళీగా ఉంటారు కదా, అప్పుడు కూర్చుని కూడండి.