సైకిలు కూడా పోటీదారే

ట్రయథ్లాన్ అంటే ఈత, సైకిలు, పరుగు, ఈ మూడూ మధ్యలో విరామం లేకుండా ఒకదాని వెంట ఒకటి పూర్తి చేయవలసిన ఆట. 2000లో సిడ్నీలో ఇది ఒలింపిక్ క్రీడ అయింది. ఆ లెక్కన ఒకటిన్నర కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. 1978లో హవాయిలో పుట్టిన ఐరన్‌మ్యాన్ పోటీలోనైతే మొత్తం 226 కిలోమీటర్లు, అందులో 180 సైకిలువే. ఎలా చూసినా దారిలో ముప్పాతికకు పైగా మనిషి తన కాళ్ళ మీద పోవడం లేదు, ఒక యంత్రం మీద పోతున్నాడు.

మరి మనవాళ్ళ తయారీ ఎలా ఉంటుంది? తెల్లవారకముందే లేచి పరుగెత్తుతారు. ఈతకొలనులో గంటలకొద్దీ మునిగి తేలుతారు. గుడ్లు, అరటిపళ్ళు లెక్కపెట్టి తింటారు. సైకిలు మాత్రం హాస్టలు వసారాలో దుమ్ము కొట్టుకొని నిలబడి ఉంటుంది. పోటీ రేపనగా దాన్ని షాపుకు తీసుకెళ్ళి, "అన్నా, ఓవరాలింగ్ చేసెయ్యి, సాయంత్రానికి కావాలి" అంటారు. పరీక్ష ముందు రాత్రి కొత్త పుస్తకం తెరవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. కొన్నేళ్ళుగా ఈ పోటీల్లో పాల్గొంటున్న పాత విద్యార్థిగా నేను చెప్పదలచింది ఒక్కటే: పోటీకి ముందు రోజులు మరమ్మతులకు కావు, పరీక్షించుకోవడానికి. ఆ పరీక్ష ఎవరి సైకిలుకు వారే, తమ చేతులతో చేసుకోవాలి.

మరమ్మతు ఆఖరి రోజున ఎందుకు కూడదంటే, కొత్త వస్తువు కుదురుకోవడానికి కొంత కాలం పడుతుంది. కొత్త గేరు వైరు నాలుగు సార్లు తొక్కేసరికి కాస్త సాగుతుంది, గేర్లు తప్పుతాయి. అరిగిపోయిన పళ్ళచక్రాల మీద కొత్త చైను వేస్తే గట్టిగా తొక్కినప్పుడు జారుతుంది. ఇవన్నీ రెండు వారాల ముందే తేలాలి. చైను అరిగిందో లేదో చెప్పడానికి నిపుణుడు అక్కరలేదు, స్టీలు స్కేలు చాలు. చైనులో ఒక పిన్ను నుంచి లెక్కపెడితే 24 లింకుల అవతలి పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉండాలి. అంగుళంలో పదహారో వంతు దాటితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాటేదాకా ఊరుకుంటే వెనకాల పళ్ళచక్రాలు కూడా పోయాయన్నమాటే, ఖర్చు రెండింతలు.

వారం రోజుల ముందు టైర్ల సంగతి చూడాలి. గాలి తీసేసి, టైరును వేళ్ళతో కాస్త విప్పి చూస్తే చిన్న చిన్న గాజుపెంకులు, ముళ్ళు, ఇనుప తీగ ముక్కలు కనిపిస్తాయి. ఇవాళ పైపైన ఉన్న పెంకు రేపు నలభయ్యో కిలోమీటరులో ట్యూబుకు తగులుతుంది. లోపలి వైపు దూది తిప్పితే కంటికి కనబడని ముల్లు కూడా దానికి పట్టుకుంటుంది. బ్రేకు రబ్బర్లలో గాళ్ళు ఇంకా మిగిలి ఉన్నాయా, వాటిలో ఇసుక దిగిందా చూడాలి. డిస్కు బ్రేకులైతే ఆ పళ్ళెం దరిదాపులకు నూనె చుక్క పోకూడదు. పోయిందా, ఇక అది బ్రేకు కాదు.

మూడు రోజుల ముందు శుభ్రం చేయడం. మన ఇళ్ళల్లో ఆయుధపూజ నాడు సైకిలు కడిగి పసుపు, కుంకుమ పెట్టే ఆచారం ఉంది. భక్తి సంగతి అలా ఉంచితే, ఏడాదికొక్కసారైనా ప్రతి భాగాన్నీ గుడ్డతో తడిమి చూడడం అందులోని గుణం. తుడిచేటప్పుడే పగులు కంటికి కనబడుతుంది, వదులైన పుల్ల వేలికి తగులుతుంది. చైనును కిరసనాయిలుతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, లింకుకొక చుక్క నూనె వేసి, తర్వాత పాత బనీను గుడ్డతో పైపైన తుడిచెయ్యాలి. నూనె లోపల పని చేస్తుంది, పైన ఉన్నది దుమ్మును పిలుస్తుంది. నట్లు బిగించేటప్పుడు బలప్రదర్శన వద్దు. హ్యాండిలు దగ్గరి బోల్టుల మీద ఎంత బిగించాలో చాలావరకు రాసే ఉంటుంది. కార్బన్ సైకిళ్ళు అతి బిగింపుకు లోపల్లోపలే పగులుతాయి.

ముందు రోజు ఇక చెయ్యవలసింది ఏమీ లేదు, ఇరవై నిమిషాలు తొక్కి ప్రతి గేరూ వేసి చూడడం, రెండు బ్రేకులూ పట్టి చూడడం తప్ప. 2019 అక్టోబరులో గోవాలో సగం దూరపు ఐరన్‌మ్యాన్ మొదలైనప్పటి నుంచి అలాంటి దూరపు పోటీలకు సైకిలును పెట్టెలో విడదీసి తీసుకుపోవడం మనకూ అలవాటవుతోంది. వాళ్ళకైతే ఈ ఇరవై నిమిషాలు తప్పనిసరి. ఎడమ పెడలు మర తిరగబడి ఉంటుందని మరిచి బలవంతంగా తిప్పి మరలు చెడగొట్టుకొనేవాళ్ళు ఎక్కువగా అక్కడే కనిపిస్తారు. ఎండలో సైకిలు నిలబెట్టవలసి వస్తే ముందు రాత్రి గాలి కొంచెం తగ్గించి ఉంచి, పొద్దున మళ్ళీ కొట్టుకోవాలి. వేడికి గాలి వ్యాకోచిస్తుందని ఇంటర్మీడియట్‌లో చదివిన పాఠమే ఇది.

దీనికి ఒక అభ్యంతరం వినిపిస్తుంది: "షాపువాడు ఉన్నాడు కదా, మనకెందుకీ జిడ్డు?" అని. షాపువాడి పనితనం మీద నాకు అపారమైన గౌరవం ఉంది. కాని పోటీ దారిలో అతను ఉండడే! నియమాల ప్రకారం మనకై వచ్చిన స్నేహితుడు గట్టున నిలబడి చూడవలసిందే తప్ప చెయ్యి వెయ్యకూడదు. నిర్వాహకులు ఏర్పాటు చేసిన సాయమో, పోటీలో ఉన్న మరొకరు ఇచ్చే ట్యూబో, అంతే. 2004లో హవాయి గెలిచిన జర్మన్ వీరుడు నార్మన్ స్టాడ్లర్ 2005లో అదే దారిలో పంక్చరై ఆగిపోయాడు. టైరును చక్రానికి అంటించిన జిగురు అతిగా ఉండడంతో అది ఊడి రాలేదు. ప్రపంచ విజేతను ఓడించింది ప్రత్యర్థి కాదు, పోటీకి ముందు పూసిన జిగురు. 2008లో క్రిస్సీ వెల్లింగ్టన్‌కూ పంక్చరయింది. తన దగ్గరి గాలి సిలిండరు అక్కరకు రాక, ఆస్ట్రేలియాకు చెందిన రెబెకా కీట్ తనది ఒకటి ఇస్తే మళ్ళీ బయలుదేరి ఆ పోటీ గెలిచింది. అలాంటి ఉదారమైన ప్రత్యర్థి అందరికీ ఎదురుపడుతుందా?

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. "ఇది డబ్బున్నవాళ్ళ ఆట, లక్షల సైకిళ్ళ ముందు మన పాత సైకిలు ఏపాటి?" అంటారు. నేను దీన్ని తిరగేసి చెబుతాను. లక్షల సైకిలు కొనడం మన చేతుల్లో లేదు. ఉన్న సైకిలును నిర్దోషంగా ఉంచుకోవడం ఉంది. ఎంతో ఖరీదైన సైకిలు బ్రేకు పట్టక వంపులో అడ్డం తిరిగితే తొక్కేవాడొక్కడే కాదు, వెనక వచ్చే నలుగురూ పడతారు. అందుకే ప్రతి చక్రానికీ బ్రేకు ఉండాలనీ, హ్యాండిలు చివర్లు మూసి ఉండాలనీ, సైకిలు ముట్టుకోక ముందే హెల్మెట్టు పట్టీ బిగించాలనీ నియమాలు పెట్టారు. ఇది మర్యాదకు సంబంధించిన విషయం కూడా: పక్కవాడి ఎముకలు మన నిర్లక్ష్యానికి ఎందుకు బలి కావాలి?

కాబట్టి విద్యార్థి సంఘానికి ఒక మనవి. కాలేజీ సైకిలు స్టాండులో ఒక మూల ఒక బల్ల వెయ్యండి. దాని మీద మీటరు ఉన్న పంపు, ఒక సెట్టు అలెన్ కీలు, టైరు లివర్లు, పంక్చరు ప్యాచీలు, సొల్యూషన్, ఒక స్టీలు స్కేలు, పక్కన నీళ్ళ తొట్టి. వార్షికోత్సవంలో ఒక్క రాత్రి మైకుసెట్టుకు అయ్యే ఖర్చుకు మించదు. ఏటా పాత విద్యార్థుల్లో ఒకరిద్దరం వచ్చి కొత్తవాళ్ళకు పంక్చరు వేసుకోవడం నేర్పుతాం. పోటీలకు పోయేవాళ్ళకే కాదు, రోజూ సైకిలు మీద కాలేజీకి వచ్చే అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఆ బల్ల పనికొస్తుంది.

ఇంజనీరింగ్ చదివి చైను తొడగడం రాని పట్టభద్రులం కావడం మనకు గౌరవం కాదు. చేతులకు అంటిన జిడ్డు సబ్బుతో పోతుంది. ట్యూబు మార్చడం నేర్చిన చెయ్యి మాత్రం ఏ ఊళ్ళో, ఏ రోడ్డు మీద ఆగిపోయినా మన వెంటే ఉంటుంది.