కాలి వేగమా? కంటి చూపా?

క్రొయేషియా మిడ్‌ఫీల్డరు లూకా మోడ్రిచ్ క్షీణించినాడా, బాగుగనే ఆడినాడా అను వాదము ఫుట్‌బాల్ ప్రియులలో ఏండ్ల తరబడి సాగినది. 1985లో జాడర్ నగరమున జన్మించి, 2018లో బాలన్ డోర్ బహుమతి నందిన ఈ ఆటగాని విషయమున మా అభిప్రాయమును విద్యార్థి మిత్రుల ముందుంచుచున్నాము.

క్షీణత లేదనుట సత్యదూరము. రియల్ మాడ్రిడ్ జట్టులో చివరి సంవత్సరములందు ఆయన పలుమార్లు సబ్‌స్టిట్యూటుగానే మైదానమున అడుగిడెను. బంతి పోయినపుడు వెనుకకు పరుగెత్తి ప్రత్యర్థిని అడ్డగించుట ఆ వయస్సున సులభము కాదు.

అయినను పరుగొక్కటే ఆటకు కొలబద్ద కాదు. బంతి అందకమునుపే తల త్రిప్పి ఖాళీ స్థలమును గుర్తించుట, పాదపు వెలుపలి అంచుతో బంతిని వంపుగా పంపుట, ఆటను ఎప్పుడు నిదానింపజేయవలెనో ఎరుగుట అనుభవముతో పదునెక్కు విద్యలు.

2024 యూరో పోటీలలో ఇటలీపై ఆయన కొట్టిన పెనాల్టీని గోల్‌కీపర్ ఆపివేసెను. నిమిషము గడువకమునుపే ఆయనయే గోలు చేసి, 38 ఏండ్ల ప్రాయమున, అప్పటికి ఆ పోటీల చరిత్రలో గోలు చేసినవారందరిలో పెద్దవాడాయెను. చూచువారు తమకు నచ్చిన క్షణమునే సాక్ష్యముగా గైకొనిరి. మేము రెండింటిని గైకొనుచున్నాము: కాళ్లు తగ్గినవి, ఆట తగ్గలేదు, ఆయన చేయు పని మాత్రము మారినది. 2025లో మిలాన్ జట్టు ఆయనను చేర్చుకొన్నది ఆ పనికే.

మన మైదానమున ఆడు సోదరులారా! ఇరువది ఏండ్ల కాళ్లు ఊరకనే వచ్చినవి. చూపు సాధనవలననే వచ్చును. జట్టును ఎన్నుకొను కార్యవర్గము వారును పరుగు పందెమునే గీటురాయిగా గైకొనకుందురు గాక!