సాంచె స్పీడు, ఆగిన దినం కూలి

నార్పోలిలో మన పద్మశాలీల నోట ఎప్పుడూ ఉండే మాట ఒకటుంది: మోటారు పుల్లీ పెద్దదేస్తే సాంచె మీద మీటర్లు పెరుగుతయని. మేమైతే ఒప్పుకోం.

మరమగ్గంల క్రాంక్ షాఫ్టు ఒక చుట్టు తిరిగితే ఒక పిక్కు, అంటే ఒక పేక పోగు పడుతుంది. పన్నెను మోసే బరువైన స్లేను ముందుకూ వెనక్కూ ఊపేది ఆ క్రాంకే. నిమిషానికి 120 చుట్లను 150 చేస్తే వేగం పెరిగేది పావు వంతే. ఊపు భారం మాత్రం వేగం వర్గాన్ని బట్టి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ముందు బుష్షులు అరుగుతయి, తర్వాత క్రాంకు వంపు దగ్గర పగులు. పోగులు తెగుడు సరేసరి.

ఇంగ్లండు ఎంజీబీ కారు 1962లో మూడు మెయిన్ బేరింగుల క్రాంకుతో వచ్చింది. 1964లో అయిదు చేసిండ్రు. అది కంపెనీ పని. మన పాత సాంచెకు ఎవరు చేస్తరు?

మీటరు లెక్కన కూలి ఇచ్చినన్ని దినాలు కార్మికుడు స్పీడు అడుగుతనే ఉంటడు. అతని తప్పేం లేదు. కానీ షాఫ్టు విరిగి సాంచె ఆగితే అతనికి ఆ దినం కూలి సున్నా. అందుకే పుల్లీ మార్పించే సేట్లు ఆగిన దినాల కూలి కూడా కట్టియ్యాలె. అప్పుడు చూద్దాం, ఎంతమంది పెద్ద పుల్లీ వేయిస్తరో.